ఊపిరి తీసే గాదె

ఒకానొక కాలంలో మొయిలుకొండ అనే రాజ్యం ఉండేది. పేరుకు తగ్గట్టే, వానాకాలం వచ్చిందంటే ఆ కొండమీది కోట మబ్బులో మునిగిపోయేది. పట్టపగలు కూడా పక్కన నడిచే మనిషి ముఖం కనబడేది కాదు. గొంతు విని గుర్తుపట్టాల్సిందే. ఒక్కోసారి గొంతు వినబడేది గాని, దగ్గరికి వెళ్ళి చూస్తే అక్కడ మనిషి ఉండేవాడు కాదు. కోటవాళ్ళకు అదంతా అలవాటే.

ఆ రాజ్యాన్ని ఏలేవాడు విజయకేసరి మహారాజు. మనిషి చెడ్డవాడు కాడు గాని, తాను అన్న మాట తప్పయిందంటే ఓర్చుకోలేడు. ఒకసారి "రేపు వాన పడదు" అన్నాడు. మర్నాడు కుండపోతగా కురిసింది. "ఇది వాన కాదు, మబ్బుకు పట్టిన చెమట" అని దండోరా వేయించాడు. ఆ రోజంతా జనం వాన అన్న మాట ఎత్తకుండా తలలు తుడుచుకున్నారు.

అలాంటి రాజుగారికి ఒకనాడు త్రాసు మీద కోపం వచ్చింది. అంగట్లో ఏదో తగువు తీర్చబోయి, త్రాసు ముల్లు నిలకడగా నిలబడేదాకా ఆగలేకపోయాడు.

"నిజం చెప్పేది ఎక్కడైనా ఇలా ఊగుతుందా? ఊగేవాడు తాగుబోతు, ఊగే సాక్ష్యం దొంగసాక్ష్యం. ఇకమీదట మా కోటలో త్రాసు అన్నది ఉండరాదు. అన్నీ కుంచంతోనే కొలవాలి. కుంచం ఊగదు!" అన్నాడు.

కోటలోని త్రాసులన్నీ కరిగించారు. ఆ లోహంతో రాజుగారి బొమ్మ చెక్కిన కుంచం ఒకటి పోత పోశారు. మిగిలినదానితో ఏనుగు పొట్టంత నగారా చేసి, కోట నడిమి మేడ మీద నిలబెట్టారు. జాము జాముకూ దాన్ని మోగించి రాజుగారి బిరుదులన్నీ చదివేవారు. బిరుదులు పెరిగినకొద్దీ మోత కూడా పెరిగింది.

ఆ మేడ కిందే ఒక పాత రాతిగది ఉంది. కోటలో దాన్ని ఆకలిగది అంటారు. రాజుగారి తండ్రి కాలంలో శత్రువులు కోటను ముట్టడించినప్పుడు, తిండి లేక పడిపోయినవాళ్ళను తెచ్చి ఆ గదిలో పడుకోబెట్టారట. పడుకున్నవాళ్ళు మళ్ళీ లేవలేదు. చాలా ఏళ్ళు ఆ గది తలుపు తెరవలేదు. విజయకేసరి గద్దెనెక్కాక "చచ్చినవాళ్ళకు ఇంత మంచి గది ఎందుకు?" అని దాన్ని పిండికొట్టు చేశాడు. వానలు మొదలయ్యేలోపే కోట కాపలా భటుల కోసం గోధుమలు తిరగళ్ళలో విసిరించి, ఆ గదిలో నిలువెత్తు చెక్కగాదె కట్టించి, పిండితో అంచుదాకా నింపించాడు. ప్రతి కుంచమూ తానే నిలబడి కొలిపించాడు. అంచు దగ్గర కుంకుమతో గీత గీయించి, మూత వేయించి, తన ముద్ర తానే వేశాడు. గాదె అడుగున ఉన్న చిన్న కంతలోంచి ఏరోజు పిండి ఆరోజు తీసుకోవాలి.

ఆ పిండితో రొట్టెలు కాల్చే మనిషి గంగసాని. పొడుగాటి మనిషి, నెరిసిన జుట్టు, ఎప్పుడూ మోచేతులదాకా పిండి. కల్లు పోసి పులియబెట్టిన ముద్దను బట్టీలో కాలిస్తే, ఆమె చేతి రొట్టె దూదిలా పొంగేది. ముట్టడి కాలంలో ఆమె పసిపిల్ల. తల్లి, ఇద్దరు అన్నలు ఆకలిగదిలోనే పోయారు. తల్లి తన వంతు గుప్పెడు పిండి ప్రతిరోజూ ఈమె నోట్లో వేసి, తాను ఉత్త నీళ్ళు తాగిందట. అందుకే ఈమె బతికింది.

వానలు ముదిరాయి. గాదె నింపి నెల దాటిందో లేదో, రొట్టెలు చెడిపోవడం మొదలైంది. ముందు కాస్త గట్టిపడ్డాయి. తరవాత పొంగడం మానేశాయి. చివరికి రాళ్ళయిపోయాయి. ఒక భటుడికి ముందుపన్ను ఊడింది. ఇంకొకడు రొట్టె విసిరి తోడేలును తరిమాడని చెప్పుకున్నారు. గంగసాని అదే కుంచం, అదే చెంబు నీళ్ళు, అదే కల్లు, అదే బట్టీ అని ఏడుపు గొంతుతో చెప్పింది. పిండిలో తప్పుందేమో చూద్దామని రాజుగారు ముద్ర తీయించారు.

ముద్ర చెక్కుచెదరలేదు. మూత కదల్లేదు. కాని లోపల పిండి కుంకుమ గీతకు రెండు మూరలు కిందికి పోయింది. రోజూ వాడిన పిండి లెక్క చూస్తే, అంతకు మూడింతలు తరిగినట్టు తేలింది. పైగా పిండి సమంగా దిగలేదు. నడుమ పొడుగాటి గుంట పడింది. ఎవరో ఒక మనిషి దాని మీద ఒత్తిగిలి పడుకుని లేచిపోయినట్టు ఉంది.

ఒక భటుడు దీపాన్ని గాదె అంచు మీదికి వంచాడు. అప్పుడే గాదెలోంచి చిన్న చప్పుడు వచ్చింది. నిద్రలో ఉన్న మనిషి ఊపిరి వదిలినట్టు, మెల్లగా, దీర్ఘంగా.

దీపం అక్కడే వదిలేసి అందరూ బయటపడ్డారు. ముందు బయటపడినవారు మహారాజుగారే. కాని తరవాత దాన్ని "సేనలను నడిపించడం" అని చెప్పించారు.

ఆ సాయంత్రమే ఒక కాపలావాడు ఇంకో సంగతి చెప్పాడు. గంగసాని రోజూ పిండి తీసుకునేటప్పుడు గాదెకు చెవి ఆనించి, "తినమ్మా, కడుపునిండా తిను. అన్నలకు కూడా పెట్టు" అని గుసగుసలాడుతుందట. ఆమెను సభకు పిలిపించి అడిగారు. ఆమె దాచలేదు.

"అవునయ్యా, అన్నాను. లోపల ఊపిరి వినబడితే మా అమ్మే అనుకున్నాను. ఇన్నేళ్ళకు తినడానికి వచ్చింది. వద్దని ఎలా చెప్పను?"

రాజగురువు భైరవభట్టు లేచాడు. ఆయన మాట్లాడేముందు మూడుసార్లు దగ్గుతాడు. రెండు దగ్గులకు మించి దగ్గే పండితుడు ఆ రాజ్యంలో ఇంకొకడు లేడు.

"ప్రభూ, సంగతి స్పష్టంగా ఉంది. ఆకలిచావు చచ్చినవాళ్ళు గాదెలో చేరారు. పిలిచింది ఈమె. పిండి అయిపోయాక వాళ్ళు మనుషుల మీద పడతారు. పిలిచినవాళ్ళనే కాపలా పెట్టడం శాస్త్రం. ఈమెను గాదెతోపాటు గదిలో ఉంచి, తలుపు స్థానంలో గోడ కట్టించాలి."

గంగసాని తల ఎత్తలేదు. రాజుగారు ఒక్క క్షణం తటపటాయించారు. కాని గది తెరిపించింది తానే, పిండి పోయించింది తానే, ముద్ర వేసింది తానే. తప్పు ఇంకెక్కడో ఉండాలి కదా!

"అలాగే కానివ్వండి. రేపు పొద్దు వాలేలోగా..." అన్నారు.

"ఆ పిండిని నేను తిరిగి కక్కిస్తాను మహారాజా!"

అన్నవాడు కొమ్మన. కొందరు అతన్ని మంత్రి అంటారు, కొందరు విదూషకుడంటారు. చురుకైన మాటకు పెట్టింది పేరు. అతనికి లోకంలో దేనికీ భయం లేదు, ఒక్క దయ్యానికి తప్ప. చిన్నప్పుడు ఉట్టి నీడ చూసి జ్వరం తెచ్చుకున్న మనిషి. మరి ఆ మాట ఎందుకన్నాడంటే, అతని నోరు ఎప్పుడూ బుర్ర కంటే ముందు నడుస్తుంది. నోరు అనేసింది. బుర్ర అప్పుడు మేలుకుని గుండెలు బాదుకుంది.

రాజుగారు కనుబొమలు ఎగరేశారు. "దయ్యం తిన్నదాన్ని కక్కిస్తావా? కక్కించలేకపోతే?"

"కక్కించలేకపోతే..." అంటూ కొమ్మన తలుపు వంక చూశాడు. గంగసాని అప్పుడు తల ఎత్తి అతని వంక చూసింది. ఆ చూపు చూశాక వెనక్కి తగ్గడానికి సిగ్గేసింది. "ఆ గోడ వెనక నాకు కూడా ఇంత చోటు ఉంచమనండి."

"ఉంచుతాం" అన్నారు రాజుగారు.

మర్నాడు తెల్లవారింది గాని వెలుతురు రాలేదు. మబ్బు కిటికీల్లోంచి గదుల్లోకి వచ్చేసింది. కొమ్మన గోడ తడుముకుంటూ ఆకలిగది చేరుకున్నాడు. వాకిట్లో కాపలా నడుమ గంగసాని కూచుని ఉంది. తాపీ పనివాళ్ళు అప్పుడే రాళ్ళు తెచ్చి పక్కన పేరుస్తున్నారు.

"మీరెందుకయ్యా ఇందులో ఇరుక్కున్నారు?" అంది గంగసాని.

"నన్నడుగుతావేమిటమ్మా, నా నోటినడుగు."

"లోపలికెళ్తే భయపడకండి. మా అమ్మ ఎవరికీ హాని చెయ్యదు. మంచి మనిషి."

ఆ మాటతో అతనికి ధైర్యం రాలేదు సరికదా, ఉన్నది కూడా పోయింది. అయినా తలుపు తోశాడు.

గదిలో మబ్బు వాసన, పిండి వాసన, వాటి కింద ఇంకేదో పాతవాసన. గోడలకు గోళ్ళతో గీసినట్టు సన్నటి గీతలున్నాయి. కొమ్మన వాటిని చూడనట్టు దాటిపోయాడు. నడుమ గాదె, నల్లగా, మనిషి కంటే ఎత్తుగా. పక్కనున్న నిచ్చెన ఎక్కి మూత జరిపి తొంగి చూశాడు. గుంట అలాగే ఉంది. తల ఉండేచోట లోతు ఎక్కువ. కాళ్ళుండేచోట సన్నగా అయింది. చూస్తున్నకొద్దీ, కింద ఎవరో నిజంగా పడుకుని ఉండి, దుప్పటిలా పిండి కప్పుకున్నారేమో అనిపించింది.

"అమ్మా" అన్నాడు కొమ్మన, అనాలని అనుకోకుండానే. "నీ కూతురి ప్రాణం మీదికొచ్చింది. నా ప్రాణం కూడా. కాస్త చూడు తల్లీ."

జవాబుగా గాదె ఊపిరి తీసింది.

అతను నిచ్చెన మీంచి జారబోయి గాదె అంచును కౌగిలించుకున్నాడు. సరిగ్గా అప్పుడే పై మేడ మీద నగారా మోగింది. ధణ్, ధణ్, ధణ్. రాయి అదిరింది, గాదె అదిరింది, కౌగిలించుకున్న కొమ్మన పళ్ళు టకటక కొట్టుకున్నాయి. పారిపోదామన్నా చేతులు పట్టు వదలలేదు. అందుకని చూడక తప్పింది కాదు. చూస్తే ఏముంది? ఒక్కొక్క మోతకూ పిండి వణికింది. వణికి, వెంట్రుకవాసి కిందికి దిగింది. దిగినప్పుడల్లా గుంటలోంచి తెల్లటి పొగలా సన్నటి పిండి లేచి, గాదె పలకల సందుల్లోంచి "హా..." అని గాలి బయటికొచ్చింది.

బిరుదులన్నీ అయ్యేదాకా కొమ్మన అలాగే వేలాడాడు. ముఖమంతా పిండి. చప్పుడు ఆగాక గాదె పైనుంచి గుప్పెడు పిండి తీసుకుని మెల్లగా కిందికి దిగి, అడుగు కంతలో చెయ్యి పెట్టి పిండి తీశాడు. పిడికిలి బిగిస్తే గడ్డకట్టింది. పైనుంచి తెచ్చిన పిండి వేళ్ళ మధ్య నీళ్ళలా జారిపోయింది.

అతను బయటికొచ్చేసరికి తెల్లగా పిండిబొమ్మలా ఉన్నాడు. వాకిట్లో ఒక తాపీవాడు చూసి రాయి వదిలేసి పరుగెత్తాడు.

"నేనేరా, కొమ్మనను! పోయి రాజుగారిని పిలవండి. ఒక జల్లెడ కావాలి, రెండు ఒకేలాంటి కుండలు కావాలి, నీళ్ళు మోసే కావడి ఒకటి కావాలి."

రాజుగారు వచ్చారు. భైరవభట్టు వచ్చాడు. వెనక సభంతా వచ్చి, గదిలోకి రాకుండా వాకిట్లోనే మెడలు సాచి నిలబడింది. రాజుగారు ఒక చేత్తో కత్తి పిడి పట్టుకుని, ఇంకో చేత్తో భట్టుగారి భుజం పట్టుకున్నారు.

కొమ్మన అడుగు కంతలోంచి పిండి తీసి రాజుగారి కుంచం నిండా పోసి, అంచుకు పైనున్నది చేత్తో తుడిచేసి తలకొట్టాడు. దాన్ని ఒక కుండలో ఒంపాడు. మళ్ళీ అలాగే ఇంకో కుంచం తీసి రెండో కుండలో ఒంపాడు. రెండు కుండలనూ కావడికి చెరోపక్క ఉట్లలో పెట్టాడు.

"ప్రభూ!" అరిచాడు భైరవభట్టు. "ఇది త్రాసు! కోటలో త్రాసు నిషిద్ధం!"

"త్రాసు ఎక్కడుంది భట్టుగారూ? ఇది కావడి. దీన్ని నడుమ పట్టుకునేది ఏ ముల్లో, ఏ గొలుసో కాదు, సాక్షాత్తు మహారాజుగారి చెయ్యి. ఆ చెయ్యి ఊగుతుందని తమరు సెలవిస్తారా?"

భట్టు దగ్గబోయి మానేశాడు.

రాజుగారికి ఆ మాట నచ్చింది. కత్తి వదిలి చెయ్యి చాపారు. కొమ్మన కావడిబద్దను నడిమధ్యన ఆయన ముంజేతి మీద ఆనించాడు. బద్ద కొంచెం అటూ ఇటూ కదిలి తిన్నగా నిలబడింది.

"ఏలినవారి చేతికి ఏమనిపిస్తోంది?"

"రెండూ సమానం. మా చెయ్యి అబద్ధం చెప్పదు."

"ఆ మాట గుర్తుంచుకోండి మహారాజా. ఇప్పుడు దయ్యం కక్కుతుంది."

ఒక కుండ దించి, నేలమీద గుడ్డ పరిచి, అందులోని పిండిని జల్లెడలో పోసి ఎత్తునుంచి జల్లించాడు. మబ్బు నిండిన ఆ గదిలో పిండి మంచులా రాలింది. జల్లెడ చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. గుడ్డమీద తెల్లటి గుట్ట పెరిగింది. పెరుగుతూనే ఉంది. జల్లించడం అయ్యాక, దాన్నెత్తి అదే కుంచంలో పోయడం మొదలుపెట్టాడు. కుంచం నిండింది. తలకొట్టాడు. గుడ్డ మీద ఇంకా పిండి మిగిలింది. దాన్ని కొలిస్తే దాదాపు ఇంకో సగం కుంచం.

వాకిట్లో ఎవరో "అమ్మబాబోయ్" అన్నారు.

రాజుగారి నోరు తెరుచుకుంది. "ఒకటి పోస్తే ఒకటిన్నర వచ్చిందేమిటి? ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"తిన్నవాళ్ళు తిరిగిచ్చేశారు మహారాజా."

"మాయ!" అన్నాడు భైరవభట్టు. ఈసారి దగ్గడం మరిచిపోయాడు. "ఇది మాయపిండి ప్రభూ! దయ్యాలు చూపించే భ్రమ. భ్రమకు ఆకారం ఉంటుంది గాని బరువుండదు. శాస్త్రం అలాగే చెబుతోంది!"

కొమ్మన ముఖం వికసించింది. "నా నోట్లోంచి రావలసిన మాట తమరి నోట్లోంచి వచ్చింది. బరువే చూద్దాం."

కుంచంలోదీ, మిగిలిందీ కలిపి ఆ కుండలోనే పోశాడు. పిండి కుండ మూతిమీద గోపురంలా నిలిచింది. జల్లించని రెండో కుండ మాత్రం అంచుకు బాగా వెలితిగానే ఉంది. రెంటినీ మళ్ళీ రాజుగారి చేతికి తగిలించాడు.

వాకిట్లోవాళ్ళు మెడలు ఇంకాస్త సాచారు. నిండు కుండవైపు బద్ద ఇప్పుడు ఒరుగుతుంది, ఇప్పుడు ఒరుగుతుంది అనుకున్నారు. ఒరగలేదు. ఇందాకటిలాగే తిన్నగా నిలబడింది.

రాజుగారు చాలాసేపు ఆ రెండు కుండల్నీ మార్చి మార్చి చూశారు. ఆయన ముఖంలోకి మెల్లగా ఏదో ఎక్కింది. అది కోపమో, భయమో కొమ్మనకు అర్థం కాలేదు.

"బరువు పెరగలేదు" అన్నారు రాజుగారు నెమ్మదిగా. "అంటే ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఇవ్వలేదంటే ఎవరూ ఏమీ తినలేదు. పిండి అంతా గాదెలోనే ఉంది. అయితే పిండి తరిగిందని చెప్పింది మా కుంచమే కదా? కొమ్మనా, మా బొమ్మ చెక్కిన కుంచం అబద్ధం చెప్పిందంటావా?"

తాపీవాళ్ళు పేర్చిన రాళ్ళు వాకిట్లో అలాగే ఉన్నాయి. కొమ్మన వాటిని ఓరకంట చూశాడు.

"కుంచం అబద్ధం చెప్పదు మహారాజా. ఎంత చోటు పట్టిందో ఉన్నదున్నట్టు చెబుతుంది. ఎంత బరువుందని అడిగితే మాత్రం, పాపం, దానికి తెలియదు. గుమ్మంలో నిలబడ్డ కాపలావాణ్ణి లోపల వంటలో ఉప్పు సరిపోయిందా అని అడిగితే ఏం చెబుతాడు? గాదె నింపిన రోజు పిండిలో సగం గాలి. తరవాత అణిగింది, గాలి పోయింది. అడుగున తీసిన కుంచంలో ఒకటిన్నర కుంచాల పిండి కూరుకుని ఉంది. గంగసాని ఎప్పటిలాగే ఒక కుంచానికి పోసే నీళ్ళే పోసింది. ముద్ద బిగిసింది, రొట్టె రాయయింది."

"గాదెలో పిండి దానంతటదే అణుగుతుందా? నొక్కిందెవరు?"

ఇదే ఆఖరి గండం. మేడమీది నగారా అని చెబితే తల పోతుంది. చెప్పకపోతే గోడ లేస్తుంది. కొమ్మన చేతులు జోడించాడు.

"తమ కీర్తి మహారాజా! జాము జాముకూ ఈ గది నెత్తిన తమ బిరుదులు మోగుతాయి కదా. అంత కీర్తి బరువు మోయాలంటే రాళ్ళే అదురుతున్నాయి. నోరులేని పిండి, అణిగిమణిగి ఉండక ఏం చేస్తుంది?"

రాజుగారు పైకప్పు వంక చూశారు. పిండి వంక చూశారు. తెల్లటి ముఖంతో, కళ్ళు మాత్రమే నల్లగా మెరుస్తున్న కొమ్మన వంక చూశారు. ఆయన మీసం కదిలింది. మొదట ముక్కులోంచి వచ్చిన నవ్వు, తరవాత కడుపులోంచి వచ్చింది. చేతిమీది కావడి ఊగిపోయి పిండి అందరి మీదా పడింది. భైరవభట్టు కూడా తెల్లబడ్డాడు, అన్ని విధాలా.

"కీర్తి బరువట!" అని రాజుగారు కళ్ళు తుడుచుకున్నారు. "ఆ రాళ్ళు అవతల పారేయండి. గంగసానిని వదలండి. కొమ్మనా, ఇదిగో!" చేతికున్న బంగారు కంకణం తీసి అతని చేతికి తొడిగారు. "జల్లించి తలకొట్టిన ఒక కుంచం పిండి ఎంత తూగితే అంత బరువు రాయి ఒకటి చెక్కించండి. ఇకమీదట రొట్టెలకు పిండి ఆ రాయితో తూచి పోయాలి, కొలిచి కాదు. తూచే ఈ కావడి త్రాసు కాదు సుమా. దాని పేరు కేసరిహస్తం."

"చిత్తం. ఇంకో చిన్న మనవి. ఇంత గొప్ప కీర్తి పిండికి వినిపించడం దేనికి? నగారాను కోట చివరి బురుజు మీదికి మారిస్తే శత్రువులకు వినబడుతుంది."

"మార్పించండి!" అని రాజుగారు మళ్ళీ నవ్వారు. సభంతా నవ్వింది. కాపలావాళ్ళు నవ్వారు.

గంగసాని ఒక్కతే నవ్వలేదు. ఆమె గాదె దగ్గరికి వచ్చి పలక మీద అరచెయ్యి పెట్టింది.

"కొమ్మనయ్యగారూ, అయితే మావాళ్ళు ఏమీ తినలేదా?"

కొమ్మన కంకణమున్న చేతిని వెనక్కి పెట్టుకున్నాడు.

"నేను తింటున్నారనే అనుకున్నానయ్యా. కడుపు నిండిందనుకున్నాను. అంటే ఇంకా ఆకలితోనే ఉన్నారన్నమాట."

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. గోడల మీది గీతలు అప్పుడు అందరికీ కనబడ్డాయి. రాజుగారు వాటిని చూసి చూపు తిప్పుకున్నారు. "ఒక కుంచం పిండి తీసుకో. వచ్చే అమావాస్యకు నీవాళ్ళకు రొట్టె పెట్టుకో. నీ తృప్తికి" అని గబగబా వెళ్ళిపోయారు.

అమావాస్య వచ్చింది. గంగసాని పిండి జల్లించి, తూచి, కల్లు పోసి కలిపి, రెండు పెద్ద రొట్టెలు కాల్చింది. రెండూ ఒకే బరువు. కొమ్మనే కేసరిహస్తం మీద పెట్టి చూశాడు. పొద్దుగూకేముందు ఒకదాన్ని ఆకులో పెట్టి ఆకలిగదిలో ఉంచారు. తలుపు మూసేముందు గంగసాని ఏదో అంది. కొమ్మన వినకుండా దూరంగా నిలబడ్డాడు. రెండోదాన్ని ఆమె అతనికే ఇచ్చింది. ఇంటికి తీసుకెళ్ళి, మెత్తబడకుండా పొయ్యి పక్కన గూట్లో పెట్టాడు.

తెల్లవారాక ఇద్దరూ తలుపు తీశారు. రొట్టె పెట్టినచోటే ఉంది. ఎలుక కొరకలేదు, చీమ పట్టలేదు, తునక ఊడలేదు. అదే రంగు, అదే పొంగు.

"ముట్టుకోలేదు" అంది గంగసాని దిగులుగా.

కొమ్మన ఓదార్పుగా ఏదో అనబోతూ రొట్టెను చేతిలోకి తీసుకున్నాడు. అనలేదు. ఎత్తిన చెయ్యి తాను అనుకున్నదానికంటే పైకి లేచిపోయింది. ఖాళీ పిచ్చుకగూడు పట్టుకున్నట్టుంది. అతను ఆమె వంక చూసి, రొట్టెను మెల్లగా ఆమె చేతుల్లో పెట్టాడు. గంగసాని దాన్ని రెండుసార్లు ఎత్తి దించి చూసింది. తరవాత నవ్వింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

కొమ్మన ఆ రొట్టె, ఇంట్లోని రొట్టె తీసుకుని రాజుగారి దగ్గరికి పరుగెత్తాడు. రాజుగారు విని పకపకా నవ్వారు.

"మొన్న కక్కించినవాడివి, ఇవాళ నువ్వే భయపడుతున్నావా? వేడి రొట్టె ఆరితే తేలికవుతుందయ్యా. ఆమాత్రం తెలియదూ?"

"తెలుసు మహారాజా. కాని ఇంట్లోది పొయ్యి పక్కన ఉంది. ఇది మబ్బులో తడిసిన గదిలో ఉంది. ఆరితే ఇంట్లోదే ఎక్కువ ఆరాలి. ఏలినవారి చెయ్యి అబద్ధం చెప్పదు కదా. తమరే చూడండి."

రాజుగారు ఇంకా నవ్వుతూనే రెండు చేతులూ చాపారు. కొమ్మన కుడిచేతిలో ఇంటి రొట్టె పెట్టాడు, ఎడమచేతిలో ఆకలిగది రొట్టె.

కుడిచెయ్యి కిందికి దిగింది. ఎడమచెయ్యి ఉన్నచోటే ఉంది.

రాజుగారి నవ్వు ఆగిపోయింది. కిటికీలోంచి మబ్బు లోపలికి వస్తోంది. ఆయన అందులోకి చూస్తూ, ఎడమచేతిలోని రొట్టెను జాగ్రత్తగా, పసిపిల్లను దించినట్టు, పళ్ళెంలో దించారు.

"కొమ్మనా."

"మహారాజా."

"ఎవరితోనూ అనకు. గంగసానికి చెప్పు, వచ్చే అమావాస్యకు రెండు కుంచాల పిండి తీసుకోమను." మరింత చిన్న గొంతుతో అన్నారు: "తలకొట్టొద్దను. గోపురంగా పొయ్యమను."